వగరు దగ్గర మొదలైన వైన్ పాఠం: బెజవాడలో నా అనుభవం

నేను 18 ఏళ్ళుగా పచ్చళ్ళు పెట్టి అమ్ముతున్నాను. మొగల్రాజపురంలో మా ఇంటి కింది వాటాలోనే పనంతా. ఆవకాయ రోజులొస్తే పొద్దుట్నుంచి సాయంత్రం దాకా నాలుక మీద ఊట వేసుకుని చూడటమే సరిపోతుంది. ఉప్పు పట్టిందా, ఆవ ఘాటు ఎక్కువైందా, ముక్కలో వగరు పోయిందా అని. వేలి చివర ఒక్క చుక్క, అంతే. మింగను. పక్కనే నీళ్ళ చెంబు పెట్టుకుని పుక్కిలించి ఉమ్మేసి ఇంకో జాడీ దగ్గరికి వెళ్తాను. పోయిన నవంబరులో మా అన్నయ్య కొడుకు ఫోన్ చేసి, “అత్తా, నువ్వు జాడీల దగ్గర చేసే పనే మా హోటల్లో వైన్‌తో చేయిస్తున్నారు. శనివారం సాయంత్రం రా, నీకు నచ్చుతుంది” అన్నాడు. వాడు హోటల్ మేనేజ్‌మెంట్ చదివి బందరు రోడ్డు మీద ఒక పెద్ద హోటల్లో పనిచేస్తున్నాడు.

వెంటనే సరే అనలేదు. అందుకు రెండు కారణాలున్నాయి.

మొదటిది మా అమ్మ. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. ఆ గాలి మా ఊరికీ వచ్చింది. అమ్మా, ఇంకో పదిమంది ఆడవాళ్ళూ చీపుళ్ళు పట్టుకుని సారా కొట్టు ముందు కూర్చోవడం నా కళ్ళతో చూశాను. 1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చిన రోజు మా ఇంట్లో పాయసం వండారు. రెండేళ్ళకే ఆ నిషేధం సడలిపోయింది. అది వేరే సంగతి. ఆ ఇంట్లో పుట్టినదాన్ని నేను. గ్లాసు పట్టుకోవడం నాకు చిన్న విషయం కాదు. అందుకే అమ్మకి చెప్పకుండా వెళ్ళకూడదనుకున్నాను. ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఒక్కటే అడిగింది: “తాగడానికా, రుచి చూడటానికా?” రుచి చూడటానికే అన్నాను. “అయితే చూసి ఉమ్మెయ్యి, పచ్చడి చూసినట్టే” అంది. ఆ మాట ఎంత సరైనదో అక్కడికి వెళ్ళాక తెలిసింది.

రెండో కారణం, వైన్ అంటే నాకు అప్పటికే ఒక చేదు జ్ఞాపకం ఉంది. అంతకు రెండేళ్ళ ముందు మా పెళ్ళిరోజుకని ఊళ్ళోనే ఒక రెస్టారెంటుకి వెళ్ళి, మా ఆయనా నేనూ చెరో గ్లాసు రెడ్ వైన్ తెప్పించుకున్నాం. గోరువెచ్చగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే పాడైన పండ్ల వాసన, నోట్లో పోసుకుంటే నీళ్ళు కలిపిన వెనిగర్. రెండు గుటకలు తాగి పక్కన పెట్టేశాం. ఇంత డబ్బు పోసి ఈ పులుపు ఎవరు తాగుతారో అనుకున్నాను. మా ఊళ్ళో ‘వైన్స్’ అని బోర్డున్న కొట్లలో అమ్మేది ఎక్కువగా బ్రాందీ, విస్కీ, బీరే. అసలు వైన్ ఎలా ఉండాలో తెలిసినవాళ్ళు నా చుట్టుపక్కల ఎవరూ లేరు. కాబట్టి అదే వైన్ రుచి అనుకుని ఊరుకున్నాను.

శనివారం ఆరున్నరకి మా ఆయనా నేనూ వెళ్ళాం. కారు తీయొద్దని మావాడు ముందే చెప్పాడు. ఆటోలో వెళ్ళి ఆటోలోనే వచ్చాం. ఇది గుర్తు పెట్టుకోవాల్సిన విషయం. టేస్టింగ్‌లో ఒక్కో రకం 50 మిల్లీలీటర్ల దాకా పోస్తారు. అయిదు రకాలంటే 250 మిల్లీలీటర్లు, అంటే 750 మిల్లీలీటర్ల సీసాలో మూడో వంతు. వైన్‌లో మామూలుగా 12 నుంచి 14 శాతం ఆల్కహాల్ ఉంటుంది. అన్నీ మింగేస్తే తల తిరుగుతుంది, పైగా నాలుగో గ్లాసుకి నాలుక ఏమీ చెప్పదు. మన రాష్ట్రంలో 21 ఏళ్ళు నిండినవాళ్ళకే మద్యం ఇవ్వాలి. మా బల్ల దగ్గరికి వచ్చిన ఇద్దరు కుర్రాళ్ళ ఆధార్ కార్డులు అడిగి చూశాకే కూర్చోనిచ్చారు. నాకు నచ్చింది ఆ పద్ధతి.

బయట శనివారం సాయంత్రం లబ్బీపేట ఎలా ఉంటుందో తెలిసిందే. బట్టల షాపుల లైట్లు, బళ్ళ హారన్లు, నూనె మూకుడు వాసన, గుడికి వెళ్ళి వస్తున్నవాళ్ళ చేతుల్లో కొబ్బరి చిప్పలు. లోపల మాత్రం అగరొత్తి వాసన కూడా లేదు. పూలు లేవు. సెంటు రాసుకుని రావొద్దని మెసేజ్‌లోనే పెట్టారట, నేనది చూడక మల్లెపూలు పెట్టుకుని వెళ్ళాను. మావాడు మెల్లగా, “అత్తా, పూలు తీసి బయట పెట్టాలి, పక్కవాళ్ళకి వైన్ వాసన తెలీదు” అన్నాడు. తీసి కవర్లో పెట్టి వాడికిచ్చాను. పచ్చళ్ళ పనిలో నేనూ మా పనమ్మాయిలకి ఇదే చెబుతాను కదా అనిపించింది.

తెల్ల గుడ్డ పరిచిన బల్ల, ఒక్కొక్కరి ముందు అయిదు గ్లాసులు, మంచినీళ్ళు, ఉప్పు లేని బిస్కెట్లు, మధ్యలో ఒక స్టీలు బకెట్. ఉమ్మడానికే. పాఠం చెప్పింది నాసిక్ నుంచి వచ్చిన ఒక అమ్మాయి. ముప్పై ఏళ్ళు ఉంటాయేమో. హిందీలో, ఇంగ్లీషులో చెబుతుంటే మావాడు నా పక్కన నిలబడి తెలుగులో అందించాడు. మొదట కూర్చున్న పదహారు మందిలో తెలుగే తప్ప ఏదీ సరిగ్గా రానిది నేనొక్కదాన్నే అనుకున్నాను. పావుగంట గడిచేసరికి వాడి మాటల కోసం ఇంకో నలుగురు ఇటు జరిగారు.

మొదటి పని చూడటం. గ్లాసుని గిన్నె భాగం దగ్గర కాకుండా కాడ దగ్గర పట్టుకోవాలి, చేతి వేడికి వైన్ వెచ్చబడుతుంది కాబట్టి. తెల్ల కాగితం మీద కొంచెం వంచి అంచు రంగు చూడాలి. తిప్పి ఆపితే గ్లాసు గోడల మీద నుంచి చారలు చారలుగా జారుతుంది. అది ఎక్కువగా ఆల్కహాల్ చేసే పని, దాన్ని బట్టి మంచిదీ చెడ్డదీ అని చెప్పలేం. ఈ భాగం నాకు పెద్దగా పట్టలేదు.

వాసన దగ్గర మాత్రం నేను లేచి కూర్చున్నాను. తిప్పకుండా ఒకసారి, గ్లాసుని బల్ల మీదే ఉంచి గుండ్రంగా తిప్పి ఒకసారి చూడమంది. రెండుసార్లకీ ఎంత తేడానో! రెండో గ్లాసులో ఉన్నది సావిన్యోన్ బ్లాంక్ అనే తెల్ల ద్రాక్ష వైన్. తిప్పి ముక్కు పెట్టగానే నాకు దోర జామకాయ తెలిసింది. పండిన జామ కాదు, పళ్ళతో కొరికితే కరకరమనే దోర కాయ. దాని వెనకే పచ్చిమిరపకాయని మధ్యకి చీలిస్తే వచ్చే పచ్చి వాసన. కారం కాదు, ఆ ఆకుపచ్చ వాసన ఒక్కటే. ఏమొచ్చిందో చెప్పమని ఆ అమ్మాయి ఒక్కొక్కరినీ అడుగుతోంది. ఒకాయన “స్ట్రాబెర్రీ” అన్నాడు, ఇంకొకామె “బెర్రీస్” అంది. ఎక్కడో చదివి వచ్చినట్టున్నారు. నా వంతు రాగానే జామకాయ, పచ్చిమిర్చి అని తెలుగులోనే చెప్పేశాను. మావాడు అనువాదం చేయగానే ఆ అమ్మాయి మొహం వెలిగిపోయింది. ఆ ద్రాక్షకి జామ వాసన, క్యాప్సికం లాంటి పచ్చి వాసన ఉండటం దాని గుణమేనట. ఆ పచ్చి వాసనకి కారణమైన పదార్థం క్యాప్సికంలో కూడా ఉంటుంది, కాయ సరిగ్గా పండకముందే కోస్తే ఎక్కువగా తెలుస్తుంది అని చెప్పింది.

అప్పుడే నాకు ధైర్యం వచ్చింది. నేను ఎప్పుడూ తినని పండ్ల పేర్లు అప్పు తెచ్చుకోనక్కర్లేదు. నా ముక్కు ఎరిగినవి నాకు బోలెడున్నాయి.

ఇక వగరు సంగతి. ఈ సాయంత్రం మొత్తంలో నేను మర్చిపోలేనిది ఇదే.

నాలుగో గ్లాసు కెబర్నే సావిన్యోన్ అనే ఎర్ర వైన్. ముదురు ఎరుపు, అంచున కొంచెం ఊదా. నోట్లో పోసుకుని, పుక్కిలించినట్టు చిగుళ్ళ దాకా తిప్పి, కొంచెం గాలి లోపలికి పీల్చి, బకెట్లో ఉమ్మాను. ఒక్క క్షణం పండు రుచి. తర్వాత పై చిగురు బిగుసుకుంది. నాలుక, అంగిలి ఒకదానికొకటి అతుక్కున్నట్టయింది. బుగ్గల లోపల ఎవరో గరుకు బట్టతో తుడిచినట్టు నోరు పిడచకట్టుకుపోయింది. పక్కనున్నవాళ్ళు “బిట్టర్, బిట్టర్” అంటున్నారు. నాకది చేదు కాదని తెలుసు. చేదు నాలుక మీదే ఉండిపోతుంది, కాకరకాయలా. ఇది నోరంతా పరుచుకుంది. నేరేడుపండ్లు ఎక్కువ తిన్నప్పుడు, పచ్చి అరటికాయ కొరికినప్పుడు, లేత మామిడి పిందె నమిలినప్పుడు వచ్చేది ఇదే. “వగరు” అన్నాను పైకే.

ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చి మావాణ్ణి అర్థం అడిగింది. వాడికి ఇంగ్లీషు మాట వెంటనే తట్టలేదు. నేరేడుపండు అని చెప్పగానే ఆమెకి తెలిసిపోయింది. “కసైలా!” అంది. వాళ్ళ హిందీలో వగరుని అలా అంటారట. తన చిన్న పుస్తకం తీసి ‘వగరు’ అని నాతో రెండుసార్లు పలికించుకుని దేవనాగరిలో రాసుకుంది. ద్రాక్ష తొక్కలోనూ గింజలోనూ ఉండే టానిన్ వల్ల ఇది వస్తుంది. మన లాలాజలంలోని ప్రొటీన్లని పట్టేసుకుంటుంది, దాంతో నోటిలోని జిగురు పోయి గరుకుగా అనిపిస్తుంది. ఎర్ర వైన్ తొక్కలతో కలిపి పులియబెడతారు కాబట్టి దానికి వగరెక్కువ. తెల్ల వైన్‌కి రసం పిండి తొక్కలు తీసేస్తారు కాబట్టి తక్కువ. ఎర్ర రంగు కూడా తొక్కలోంచే. లోపలి రసం చాలా రకాలకి తెల్లగానే ఉంటుంది.

మనం ఉగాది పచ్చడిలో షడ్రుచులని చెప్పుకుంటాం. తీపి, పులుపు, ఉప్పు, కారం, చేదు, వగరు. వగరు కోసమే అందులో మామిడి పిందె వేస్తాం. పుట్టినప్పటి నుంచి ఏడాదికొకసారి ఈ ఆరింటినీ విడివిడిగా పేరుపెట్టి తినేవాళ్ళం మనం. ఆ బల్ల దగ్గర చేదుకీ వగరుకీ తేడా తెలియక తడబడుతున్నవాళ్ళందరి ఇళ్ళలోనూ ఆ పచ్చడి చేస్తారు. మాట మనకుంది, వాడటం మానేశాం. ఇది నాకు గట్టిగా అనిపించింది. వాళ్ళకి కూడా అదే చెప్పాను: పులుపుకి నోరూరుతుంది, వగరుకి నోరారిపోతుంది, ఈ ఒక్క గుర్తుతో మళ్ళీ చూడండి అని. మూడో గ్లాసుకీ నాలుగో గ్లాసుకీ మధ్య ఆ తేడా చూసి, ‘బిట్టర్’ అన్న ఆవిడే “అవునండీ, నిజమే, వగరే” అంది.

అయిదోది షిరాజ్, అదీ ఎర్ర వైనే. దాంట్లో మిరియాలు తెలుస్తాయి, చెప్పకపోయినా తెలుస్తాయి. 2008లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు దీనికి కారణం పట్టుకున్నారట. రోటండోన్ అనే పదార్థం. మిరియాల ఘుమఘుమ కూడా అదే పదార్థం వల్ల. కొంతమంది ముక్కుకి అది అసలు తెలియదట. మా ఆయనకి తెలియలేదు. నాకు మాత్రం అప్పుడే దంచిన మిరియం, దాని కింద ఎండు నేరేడు.

మొదటి గ్లాసులో నురగ వైన్ పోశారు. సీసాలోనే రెండోసారి పులియబెడితే అందులో పుట్టే గ్యాస్ బయటికి పోలేక వైన్‌లో కలిసిపోతుందట. బాగుంది, కానీ దాని గురించి రాసేంత నాకు ఆ రోజు అర్థం కాలేదు. మూడోది షెనిన్ బ్లాంక్, కొంచెం తియ్యగా ఉంటుంది. దాని సంగతి కారం దగ్గర చెబుతాను.

మధ్యలో ఆ అమ్మాయి తోటల గురించి చెప్పింది. మనం తినే గింజలేని ద్రాక్షకీ, ఒకప్పుడు హైదరాబాదు చుట్టూ బాగా పండిన అనాబ్-ఎ-షాహీకీ, వైన్ ద్రాక్షకీ పోలికే లేదు. వైన్ ద్రాక్ష చిన్నది, తొక్క మందం, గింజలుంటాయి. బెంగళూరు దగ్గర నందిహిల్స్‌లో 1988లో గ్రోవర్ కుటుంబం వైన్ తోట మొదలుపెట్టింది. 1999లో రాజీవ్ సామంత్ నాసిక్‌లో సూలా అనే వైన్ కంపెనీ స్థాపించాడు, 2005లో అక్కడే టేస్టింగ్ రూమ్ తెరిచారు. హంపి కొండల వైపు హైదరాబాదుకి చెందిన చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతుల తోట ఉంది, ఇద్దరి పేర్లలోని అక్షరాలు కలిపి వైనరీకి పేరు పెట్టుకున్నారు. మనవాళ్ళు అనగానే నాకు సంతోషమేసింది. నాసిక్ సముద్రమట్టానికి దాదాపు 600 మీటర్ల ఎత్తు. పగలు ఎండ, రాత్రి చలి. రాత్రి చల్లబడితేనే కాయలో పులుపు నిలుస్తుంది. బెజవాడ రాత్రుల్లో ఆ పులుపు నిలవదు, అందుకే ఇక్కడ ఈ తోటలు లేవు. కోత జనవరి నుంచి మార్చి దాకా ఉంటుంది, వానలు రాకముందే అయిపోవాలి. నేను మామిడికాయకి ఎదురుచూస్తుండగానే వాళ్ళ కోత అయిపోతుందన్నమాట.

ఆ అమ్మాయి వాళ్ళ తోట గోదావరి ఒడ్డునే అంది. గోదావరి పుట్టేది నాసిక్ పక్కన త్ర్యంబకంలోనే కదా. 2015 నుంచి పట్టిసీమ ఎత్తిపోతలతో ఆ నది నీళ్ళు ఇబ్రహీంపట్నం దగ్గర మా కృష్ణలో కలుస్తున్నాయని నేను చెప్పాను. ఆమెకి ఆ సంగతి తెలియదు. చాలాసేపు దాని గురించే అడిగింది.

ఇక కారం. హోటల్ వాళ్ళు టేస్టింగ్‌తో పాటు కోడి వేపుడు, ఘాటైన రొయ్యల ఇగురు పెట్టారు. నేను ఇగురు తిని వెంటనే కెబర్నే తాగాను. నోరు మండిపోయింది. వైన్‌లో పండు రుచి మాయమై వగరూ మంటా మిగిలాయి. గుంటూరు మిర్చి యార్డులో తేజ కాయని పట్టుకుని కొరికి చూసే మనిషిని, నాకే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె చెప్పింది సూటిగా ఉంది. మిరప కారం అసలు రుచి కాదు, మంట. వేడిని పసిగట్టే నరాలనే మిరపలోని కాప్సైసిన్ అనే పదార్థం రెచ్చగొడుతుంది. ఆల్కహాల్ కూడా ఆ నరాల మీదే పనిచేస్తుంది. రెండూ కలిస్తే మంట రెట్టింపు. టానిన్ తోడైతే ఇంకా గరుకు. అలాంటి తిండికి ఆల్కహాల్ తక్కువ, కాస్త తీపి ఉన్న చల్లటి తెల్ల వైన్ పక్కన పెట్టుకోవాలి. మళ్ళీ ఇగురు తిని షెనిన్ బ్లాంక్ తాగాను. మంట తగ్గింది. పూర్తిగా పోలేదు, మజ్జిగ చేసే పని వైన్ చేయలేదు. కానీ రొయ్య తీపి మళ్ళీ తెలిసింది.

ఇంటికి వచ్చేటప్పటికి పదయింది. మింగింది మొత్తం కలిపి అర గ్లాసు కూడా ఉండదు. అమ్మకి ఫోన్ చేసి చెప్పాను. “ఉమ్మావా?” అంది. ఉమ్మానన్నాను. “సరే, పడుకో” అంది.

ఆ తర్వాత మా ఊళ్ళో ఇలాంటివి ఎక్కడ దొరుకుతాయా అని వెతకడం మొదలుపెట్టాను. ఉన్నమాట చెప్పాలంటే విజయవాడలో ప్రతి వారం జరిగే టేస్టింగ్ రూమ్ అంటూ నాకు కనబడలేదు. బందరు రోడ్డు, బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల బార్ ఉన్న పెద్ద హోటళ్ళలో అప్పుడప్పుడూ జరుగుతాయి. ఫోన్ చేసి బాంక్వెట్ వాళ్ళని కాకుండా రెస్టారెంట్ మేనేజర్‌ని అడిగితే సంగతి తెలుస్తుంది. మామూలు రోజున గ్లాసు వైన్ తెప్పించుకునేవాళ్ళు మూడు విషయాలు అడగండి. సీసా ఎప్పుడు తెరిచారు? తెరిచాక ఎక్కడ పెట్టారు? నా ముందే పోస్తారా? మొహమాటం వద్దు. బండి మీద మిర్చిబజ్జీ కొనేటప్పుడు నూనె ఎలా ఉందో చూస్తాం కదా, అలాంటిదే ఇది. తెరిచిన సీసా మూత బిగించి ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు రోజులు ఉంటుంది. బార్ అరలో దీపాల కింద పెడితే అదీ ఉండదు.

ఇంకొక సంగతి. రెడ్ వైన్ ‘రూమ్ టెంపరేచర్’లో ఇవ్వాలని అందరూ అంటారు. ఆ మాట పుట్టిన దేశాల్లో గది 15 నుంచి 18 డిగ్రీలు ఉండేది. మా ఊళ్ళో మే నెలలో గది ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. రెడ్ అయినా సరే, పోసే ముందు అరగంట ఫ్రిజ్‌లో పెట్టాలి. తెల్లదైతే 8 నుంచి 12 డిగ్రీల మధ్య. మా పెళ్ళిరోజు నాటి గ్లాసు గోరువెచ్చగా ఎందుకుందో అప్పుడర్థమైంది.

సంక్రాంతి వెళ్ళాక మా డాబా మీదే ఒక సాయంత్రం ఏర్పాటు చేశాను. మా ఆయన, మేనల్లుడు, ఎదురింటి డాక్టరు గారు, వాళ్ళావిడ, నేను. ముందు మావాణ్ణి నియమాలు అడిగాను. ఇంట్లో మనవాళ్ళకి పోసుకోవచ్చు, డబ్బులు తీసుకుంటే మాత్రం అది అమ్మకం, దానికి లైసెన్సు కావాలి అన్నాడు. లైసెన్సున్న షాపులోనే మూడు సీసాలు కొన్నాం: ఒక సావిన్యోన్ బ్లాంక్, ఒక షెనిన్ బ్లాంక్, ఒక షిరాజ్. వేరే రాష్ట్రం నుంచి తెప్పించే ఆలోచనే పెట్టుకోవద్దన్నాడు. కాడ ఉన్న గ్లాసులు పది కొన్నాను, అవి మాత్రం ఉండాలి. స్టీలు గ్లాసులో వాసన నిలవదు. పేర్లు కనబడకుండా సీసాలకి కాగితం చుట్టి నంబర్లు వేశాం. అందరికీ తలా ఒక కాగితం, పెన్ను. రాసేది తెలుగులోనే అని నేను పట్టుబట్టాను. డాక్టరు గారు రెండో సీసా దగ్గర ‘తేనె, ముగ్గిన బొప్పాయి’ అని రాశారు. వాళ్ళావిడ మూడో దాంట్లో ‘తడి గోనెసంచి’ అని రాసింది. సీసా కార్కు బిరడా చెడితే తడి అట్ట లాంటి వాసన వస్తుందని ఆ నాసిక్ అమ్మాయి చెప్పిన మాట గుర్తొచ్చి భయమేసింది. కానీ అది తిప్పుడు మూత సీసా. కాసేపు గాలి తగిలాక ఆ వాసన పోయింది, మిరియాలు పైకొచ్చాయి.

తినడానికి నా పచ్చళ్ళన్నీ పెట్టాను, ఏది దేనికి కలుస్తుందో చూద్దామని. ఆవకాయ దేనికీ కలవలేదు. ఆవ, నూనె, ఉప్పు, కారం అన్నీ ఒకేసారి మీదపడి ఏ వైన్‌నీ నిలవనివ్వవు. ఆవకాయకి అన్నమే సరి, ఇంకో ఆలోచన అనవసరం. గోంగూర నన్ను ఆశ్చర్యపరిచింది. తిండి పులుపు వైన్ పులుపుని మించితే వైన్ చప్పబడిపోతుంది, షెనిన్‌కి అదే అయింది. సావిన్యోన్ బ్లాంక్‌కి పులుపెక్కువ కాబట్టి అది తట్టుకుంది, ఎండుమిర్చి తగ్గించి చేసిన గోంగూర పప్పుతో ఇంకా బాగుంది. మిరియాల కోడి వేపుడూ షిరాజూ జత కుదురుతాయని ముందే అనుకున్నాం, కుదిరాయి. అన్నింటికంటే నాకు నచ్చింది పునుగులు. కింద వీధి చివర బండి మీద నుంచి వేడివేడిగా తెప్పించాం. నూనెలో వేగిన పునుగు, చట్నీ లేకుండా, పైన చల్లటి సావిన్యోన్ ఒక గుక్క. నూనె జిడ్డంతా ఆ పులుపు కడిగేసింది, మళ్ళీ ఇంకో పునుగు తినాలనిపించింది. అల్లం చట్నీతో తింటే మాత్రం మళ్ళీ మంట.

సగం షిరాజ్ మిగిలింది. పారబోయకుండా మూత బిగించి ఫ్రిజ్ తలుపులో పెట్టాను. పచ్చడికి మొదటి రోజు, మూడో రోజు రుచి చూసి రాసి పెట్టుకునే అలవాటు నాది. దీనికీ అదే పుస్తకంలో ఒక పేజీ తీశాను. మూడో రోజు: మిరియం ఉంది, పండు కొంచెం తగ్గింది, వగరు మెత్తబడింది, తాగొచ్చు. ఆ రోజు సీసా తీసి వంటగది గట్టు మీద పెట్టి, మూత వదులుగా ఉంచి, లోపల పెట్టడం మర్చిపోయాను. ఆరో రోజు పొద్దున గ్లాసులో ఒక చెంచాడు పోసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. పాడైన పండ్ల వాసన. నాలుక మీద వేసుకుంటే గోరువెచ్చగా, నీళ్ళు కలిపిన వెనిగర్‌లా. మా ఆయన్ని పిలిచి గ్లాసు చేతికిచ్చాను. ఆయన వాసన చూసి నా వైపు చూశారు. “పెళ్ళిరోజున మనకిచ్చింది ఇదే కదూ” అన్నారు.